కుడిచేతి అణువు

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ పక్కనున్న టీ బండి దగ్గర, పరిశోధన మధ్యలోనే ఆగిపోయి గ్రూప్స్‌కు చదువుతున్న అతని ముందు, ల్యాబ్‌లో అతని జూనియర్ ల్యాప్‌టాప్ తెరిచి పెట్టింది. తెరమీద ఒకప్పుడు తను రాసిన ప్రోగ్రామే. చూడగానే అతనికి టీ చేదనిపించింది.

“అన్నా, అణువుల సాఫ్ట్‌వేర్ కొత్త వర్షన్ వచ్చింది గద, దాంట్ల ఇది నడుస్తలేదు. జర చూడవా?”

“పాత కమాండ్ తీసేసిండ్రు, గంతే. ఇగో, మార్చిన. నడిపించు.”

“నడిచింది! ఇంకోటన్నా... ఈ ప్రోగ్రామ్‌తోని లెక్కగట్టి నువ్వు చెప్పిన మందు ఎలుకల మీద ఎందుకు పనిచెయ్యలేదో దొరికింది.”

“ఎందుకు?”

“ఫైలు మార్చేటప్పుడు అణువును చదును బొమ్మలెక్క సేవ్ చేసిండ్రు. మన చేతుల లెక్కనే ఆ అణువుకు గూడ రెండు తీర్లుంటయి గద, అది కుడిచేతి తీరుదో ఎడమచేతి తీరుదో అన్న గుర్తు పోయింది. సాఫ్ట్‌వేర్ దానంతటదే ఎడమ అనుకున్నది. ఎర్రర్ గూడ చూపియ్యలే. మనం ఎడమదే తయారు చేయించినం.”

“ఆ ఫైలు మార్చి నాకిచ్చింది మన గైడ్ సారే.”

“తెలుసన్నా.”

“నాకు పనే రాదని అందరి ముందట ఎల్లగొట్టిండు. కుడిది చేసి చూసిండ్రా?”

“చూసినం. పనిచేస్తున్నది. సార్ పేపర్ రాస్తున్నడు.”

“నా పేరు?”

“పెట్టలేదన్నా.”

అతను ప్రోగ్రామ్ పైకి వెళ్లి, మొదటి లైనులో హ్యాష్ గుర్తు పెట్టి, దాని పక్కన తన పేరు టైపు చేశాడు.

“ఆ గుర్తు పెడితే కంప్యూటర్ ఆ లైను చదవదు గదన్నా?”

“చదవదమ్మా. అచ్చం మీ సార్ లెక్కనే.”