మూడు కోణాల మడత

పరాయి దేశంలో మూడేళ్లుగా ఇస్త్రీ పని చేస్తున్న అతను, రెండు నెలల కిందట కాపురానికొచ్చిన భార్యకు ఊరు చూపించాలని సెలవు పెట్టి మరీ బయల్దేరాడు.

“అదిగో, నది మీద వంతెన! ఎలా ఉంది?”

“బావుందండీ. దీపాలు పెట్టాక ఇంకా బావుంటుంది.”

“నీకెలా తెలుసు?”

“పక్కింటి టీచరమ్మ తీసుకొచ్చిందిగా.”

“సరే, గడియారం మేడ ఎక్కుదాం పద.”

“అమ్మో, నూట పన్నెండు మెట్లు! మొన్నే మోకాళ్లు పట్టేశాయి.”

“అదీ ఆవిడతోనేనా?”

“మీకు తీరికెక్కడిది మరి?”

అతనికి ఒళ్లు మండిపోయింది. ఆమెతో కలిసి చూడాలనే, మూడేళ్లూ ఒంటరిగా అటువైపు తొంగి చూడలేదు.

“ఇక ఆవిడతోనే కాపురం చెయ్యి! నాకేం మిగిల్చిందిట చూపించడానికి?”

“మీ ఇస్త్రీ కొట్టు.”

“అక్కడేముంది, ఆవిరి తప్ప?”

“నేను రోజూ మీ చేతిరుమాలు నాలుగు పలకలుగా మడిచి జేబులో పెడతానా? సాయంత్రానికి మూడు కోణాలుగా తిరిగొస్తోంది. ఆ మడత పెట్టే చెయ్యెవరిదో నేను చూడాలి.”

కొట్టులో అలవాటు కొద్దీ తానే అలా మడుస్తున్నానని చెప్పబోయి, ఆమె ముక్కు ఎర్రబడటం చూసి ఆగిపోయాడు. అప్పటిదాకా ముడుచుకుపోయిన అతని ముఖం విప్పారింది.

“పద,” అన్నాడు, “నేనే చూపిస్తాను.”