బెల్ట్ చప్పుడులో

కార్మికుల సహాయ కేంద్రంలో కిటికీ పక్క బల్ల. ఇటు ఫిర్యాదులు వినే మేడం, అటు మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసి మానేసిన పిల్ల తాలూకు అక్క. ఎంతసేపటికీ అక్క వీపు కుర్చీకి ఆనడం లేదు.

"అది కాదమ్మా, మీ చెల్లెలు వచ్చి చెప్పాలి. నువ్వు చెబితే కుదరదు."

"అది మాట్లాడితే నేనెందుకు వస్తాను మేడం?"

"అస్సలు మాట్లాడదా?"

"ఒకే ఒక్క మాట. బాత్రూంకి వెళ్ళాలన్నా అమ్మ దగ్గరికొచ్చి, వెళ్ళనా అంటుంది. అమ్మ సరేననేదాకా తలుపు దగ్గరే నిలబడుతుంది. సొంత ఇంట్లో."

"డాక్టరుకి చూపించారా?"

"చూపించాం. మందు రాసిచ్చాడు. ఖర్మ కాకపోతే, ఆ సీసా వాళ్ళ కంపెనీదే. దాన్ని చూడగానే లేచి నిలబడింది."

"అసలు ఏం జరిగిందో మొదట్లోనైనా చెప్పలేదా?"

"సూపర్‌వైజరు ఏదో అంటున్నాడు, ఇక వెళ్ళను అంది. ఏమన్నాడే అంటే ఏడుపు. తర్వాత ఆ ఏడుపూ లేదు."

"మేనేజరుకి చెప్పారా?"

"నాన్న వెళ్ళాడు. మేనేజరు వాణ్ణి పిలిచి, ఏమయ్యా నిజమేనా అన్నాడట. కాదండీ అన్నాడట. అయిపోయింది."

"కంపెనీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలే?"

"ఉంది. నాన్నకి టీ ఇచ్చారు."

"ఇచ్చి?"

"టీ బాగుందట. కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? ఆ మేనేజరే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు."

"పోలీసులు?"

"కొట్టాడా అన్నారు. లేదు. చెయ్యి వేశాడా అన్నారు. లేదు. మరింకేంటయ్యా, పనన్నాక నాలుగు మాటలు పడాలి అన్నారు. నాన్న ఇక తిరగలేనని కూలబడ్డాడు. మీరూ కాదంటే ఏ గుమ్మం ఎక్కాలో మీరే చెప్పండి."

"కాదనను. లేబర్ ఆఫీసుకి ఫిర్యాదు మేమే పంపుతాం, లాయరునీ మేమే పెడతాం. కానీ ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. పక్కన పనిచేసేవాళ్ళు ఎవరైనా..."

"వాళ్ళకి వినపడదు."

"పక్కపక్కనే కూర్చుని?"

"సీసాలు కదిలే బెల్ట్ చప్పుడు మేడం. పక్కమనిషిని పిలవాలంటే గిల్లాలి. వాడు వెనకాల నిలబడి, కుర్చీ మీద రెండు చేతులూ పెట్టి, చెవి దగ్గరికి వంగుతాడు. చూసేవాళ్ళకి పని నేర్పుతున్నట్టే ఉంటుంది. అరవడు. పసిపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెబుతాడు."

"ఏమని?"

"ఎందుకే నువ్వు బతకడం అంటాడు. మీ వాళ్ళు నిన్ను వదిలించుకోవడానికే ఇక్కడ పడేశారంటాడు. నువ్వు చచ్చినా ఈ బెల్ట్ ఆగదంటాడు. రోజూ ఇవే, ఇదే వరసలో. చివర్లో, అర్థమైందా తల్లీ అంటాడు. తలూపేదాకా కదలడు. ఉన్నది ఉన్నట్టు కావాలంటారు కదా. రాసుకోండి."

"ఆగమ్మా. ఆగు. పక్కవాళ్ళకి వినపడదన్నావు."

"వినపడదు."

"మీ చెల్లెలు నోరు విప్పలేదన్నావు."

"విప్పలేదు."

"మరి ఇవన్నీ నీకెవరు చెప్పారు? చూడు, నాకూ చెల్లెళ్ళున్నారు. నీ బాధ నాకు తెలుసు. కానీ ఊహించి చెబితే వాళ్ళ లాయరు మొట్టమొదట ఇదే అడుగుతాడు. అక్కడితో కేసు పోతుంది. వాడు హాయిగా ఇంటికెళ్ళి భోంచేస్తాడు."

"ఊహించలేదు మేడం."

"మరి?"

"అది మానేశాక ఆ కుర్చీ ఖాళీ అయింది కదా. మనిషి కావాలని గేటుకి బోర్డు పెట్టారు."

"అయితే?"

"నాన్ననే చూశారు వాళ్ళు, నన్ను చూళ్ళేదు. పోయిన నెల నుంచి అందులో నేనే కూర్చుంటున్నాను. ఫిర్యాదు నా పేరు మీద రాసుకోండి."