ఊపిరి పైపుల తువ్వాల ముక్క

“తాతా, నా కారుకు ఆయిల్ కారుతున్నది. మా తాతను అడిగితే ‘నాకు ఇంజన్ పని రాదు బిడ్డా, సిరోంచల సమ్మయ్య తాతకు చూపియ్యి’ అన్నడు. జర చూస్తవా?”

ఏమన్నడు? మల్లొక్కసారి చెప్పు బిడ్డా, నాకు ఈ చెవి సరిగ ఇనవడదు. ఇంజన్ పని రాదన్నడా? రాజలింగే అన్నడా గా మాట? నవ్వుకుంట అన్నడా, ఉత్తగనే అన్నడా?

ఉత్తగనే అన్నడా. సరె తియ్యి.

బానెట్ ఎత్తు. ఎన్నేండ్ల బండి ఇది? పదహారా? గట్టి బండే కొన్నవు, వారం వారం గంత దూరం ఆష్టికి పోయి వచ్చుడంటే మాటలా, గా రోడ్డుకు. ఇగో చూడు, చుక్కలు ఎనుక పడుతున్నయని నువ్వు ఎనుకనే చూస్తున్నవు. గట్ల కాదు. ఆయిల్ పైన యాడనో కారి, ఇంజన్ మీదికెళ్లి జారుకుంట వచ్చి ఎనుక పడ్తది. పెంకుటిల్లు కురిసినప్పుడు చూడలేదా, చుక్క పడేది ఒక్కకాడ, పెంక పలిగేది ఇంకొక్కకాడ. అందుకే ముందుగాల కిరోసిన్ గుడ్డతోని... ఇప్పుడు కిరోసిన్ ఏడ దొరుకుతది, డీజిల్ తోనే తుడువు. మొత్తం తుడువాలె. ఆరినంక ముగ్గుపిండి చల్లుదాం. పిండి మీద ఆయిల్ నల్లగ గీత పెడ్తది. గా గీత పైకి ఏడిదాక పోతదో గాడ ఉంటది రోగం.

ఆగు ఆగు. గంతకంటె ముందు గా పైపు ఊడబీకి ఊదు. గదే, సన్నది. గాలి పోతున్నదా? అయితే నీది సాఫే ఉన్నది. అది బ్రీదర్, ఇంజన్‌కు ఊపిరి పైపు అనుకో. అది మూసుకపోతే లోపట గాలి నిండి, ఏడ సందు దొరికితే ఆడికెళ్లి ఆయిల్‌ను బయటికి నూకుతది. గప్పుడు ఎన్ని ప్యాకింగులు మార్చినా, ఎన్ని ఆయిల్ సీళ్లు మార్చినా ఆగది. నాకు గిది ఎవలు నేర్పిండ్రో ఎర్కేనా? మీ తాతనే.

కండ్లు గట్ల పెద్దగ చెయ్యకు. మీ తాత అసలు మిస్త్రీ. ఈ సిరోంచల బస్టాండు కాడ రేకుల షెడ్డు ఉండె ఆయనకు. నాది పాత డీజిల్ జీపు, అంకిస దాక సవారీలు కొట్టేటోన్ని, మనిషికి రెండు రూపాయలు. రెండో మూడో. కాదు, మూడు తర్వాత అయింది, మా చిన్న చెల్లె పెండ్లైన యేడు. గా యేడే జీపుకు ఇంజన్ మీది మూత, టపెట్ కవర్ కాడ ఆయిల్ కారితే మీ తాత కొత్త ప్యాకింగ్ ఏసిండు. మంచిగ ఏసిండు, చుక్క పడలే. మీ నాయినమ్మ చాయ్ కూడ పోసింది, అల్లం కొంచెం ఎక్కువనే ఏస్తుండె.

అటెన్క వానలు వడ్డయి. వాగు దాటుడంటే గప్పుడు నీళ్లల్లకెళ్లే దాటాలె. జీపుకు గా ఊపిరి పైపు కింది దాక ఏలాడుతుండె, నీళ్లు లోపటికి పోతయని నా తువ్వాల చింపి, ముక్కను లోపటికంట దోపిన. అందరం గట్లనే చేసేటోళ్లం. దాటినంక తీసేటోళ్లం. నేను తియ్యలే. సవారీలు తొందర పెట్టిండ్రు, మర్చిపోయిన. నాలుగు రోజులల్ల జీపు కింద మడుగు కట్టింది. ఆయిల్ చూసే పుల్ల లోపటి గాలికి దానంతట అదే పైకి లేస్తున్నది. గది చూసినా నాకు తెల్వలే, అంత తెలివి.

సక్కగ షెడ్డుకు పోయి, నీ పని గిట్లనేనా అని ఒర్రిన. సవారీలు ఇనంగనే ఒర్రిన. మీ తాత ఒక్కటే అడిగిండు, “సమ్మయ్యా, వాగు దాటినవు గదా, ఊపిరి పైపు చూసినవా?” అని.

చూసిన అన్న.

చూడలే బిడ్డా. గీయన నాకు చెప్పేదేంది అన్న కోపంల అన్న. ఆయన నా మాట నమ్మిండు. ఒక్కసారి వంగి చూస్తే అయిపోతుండె, నేను చూసిన అన్ననని చూడలే. రెండు రోజులు వానల గేర్‌బాక్సు దించి, ఎనుక సీలు మార్చిండు. ఒక్క రూపాయి తీసుకోలే. మల్ల కారింది. గప్పుడు బస్టాండ్ల నలుగురి ముంగట అన్న, “నీ చెయ్యి పోయింది రాజలింగు, పని మర్చిపోయినవు” అని. ఆయన గుడ్డతోని చెయ్యి తుడుసుకున్నడు. బాగసేపు తుడుసుకున్నడు.

తుడిసినవా? ఆరిందా? ఇగ పిండి చల్లి, బండి స్టార్ట్ చెయ్యి. జరసేపు నడువనియ్యి.

ఇగ మూడో నాడు గ్రీజు పెడదామని కిందికి దూరిన. పైపుకు బురద గట్టింది, గీకిన. ఎర్ర అంచు కనవడ్డది. నా తువ్వాల అంచు. గుంజితే లోపటి గాలి ఒక్కసారే బుస్సుమన్నది. గా దినం నుంచి చుక్క పడితే ఒట్టు. పోయి చెప్తే అయిపోతుండె గదా. రేపు పోత అనుకున్న. ఎల్లుండి అనుకున్న. గింతల హోటల్ కాడ ఎవలో అడిగిండ్రు, జీపు ఎవలు బాగు చేసిండ్రని. నా నోటికి ఏమొచ్చిందో ఏమో, మంచిర్యాల మిస్త్రీ చేసిండు అన్న. గా మాట మీ తాత దాక పోయింది.

తర్వాత ఆయన ఇంజన్ ముట్టలే. పంక్చర్లు ఏసిండు కొన్ని రోజులు, ఇగ షెడ్డు అమ్ముకుని అంకిసకు పోయి పొలం పట్టిండు. నేనేమో, ఆయనకు పొలమే ఇష్టమున్నట్టుంది, మంచిగనే ఉన్నడు అనుకుంట తిరిగిన. పెండ్లిలల్ల కలిసినప్పుడు పక్కకు జరిగి జాగ ఇచ్చేటోడు. నేను కూసునేటోన్ని, తినేటోన్ని. ఇప్పుడు నువ్వొచ్చి గీ మాట చెప్తివి. ఇన్నేండ్లు ఆయన నిజంగనే చెయ్యి పోయిందనుకుంటున్నడు బిడ్డా. సిగ్గైతున్నది. నీ మొఖం చూసి చెప్పుడు కూడ చాతనైత లేదు, అందుకే ఇంజన్ దిక్కు చూసి చెప్తున్న.

ఇగ బండి బందు పెట్టు. ఇగో, కనవడ్డదా నల్ల గీత? పైకి పో, ఇంకా పైకి. టపెట్ కవర్ అంచు. ప్యాకింగ్ ఎండి గట్టిపడ్డది, గంతే. కవర్ విప్పి, అంచు సాఫ్ చేసి, కొత్తది ఏసి, బోల్టులు ఒక్కటే తీరు బిగియ్యాలె, జాస్తి బిగిస్తే మల్ల పలుగుతది. పొద్దుమీకే లోపట అయ్యే పని.

నేను చెయ్య. నువ్వు ఎంత బతిలాడినా చెయ్య. ప్యాకింగ్ బజార్ల తీసుకుందాం, అంకిసకు పోదాం. ఆయిల్ పోసుకో, ఆడిదాక పోతది. బోల్టులు విప్పే పానలు గూడ పట్టుకుందాం. ఆయన చాతకాదంటడు, నాకెర్కే. ఆయన ముంగట కూసోని, నేను పైపు చూడలే రాజలింగు, అబద్ధం చెప్పిన అని నేను చెప్పాలె. మీ నాయినమ్మ ఇనాలె, నువ్వు ఇనాలె. తిడ్తడో, పొమ్మంటడో. నవ్వితేనే నాకు ఎక్కువ కష్టం.

లేస్త, జర చెయ్యి పట్టుకో. ఇంటికి వచ్చిన పిల్లను దీవించి పంపాలె గదా... ఏం దీవించాలె బిడ్డా నేను. మీ తాత చెయ్యి నీకు రావాలె. నా నోరు రావొద్దు. పా, ఎక్కు.