ఆరుగురిలో ఒక పేరు

ఆసుపత్రి కీమో గదిలో కిటికీ పక్క కుర్చీలో శ్రీవిద్య కూర్చుంది. చేతికి డ్రిప్, ఒళ్లో లాప్‌టాప్. ఎదురుగా స్టూలు మీద ఆమె మేనేజర్ దామోదర్. వచ్చి ఇరవై నిమిషాలైనా అతను ఇంకా కోటు విప్పలేదు.

"ఎనిమిది నెలలా?"

"ఎనిమిది నెలలు, దామోదర్ గారూ. డిస్క్ జారిందని మా అక్క ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉంది. జీతం వస్తూనే ఉంది."

"ఏ ఊరన్నారు?"

"ఐండ్‌హోవెన్. నెదర్లాండ్స్‌లో."

"కంపెనీ వాళ్లు ఏమీ అనలేదా?"

"పూలు పంపారు."

"పూలా?"

"జబ్బు పడ్డవాళ్లని రెండేళ్ల దాకా తీసెయ్యకూడదట. అక్కడ రూలు."

"మరి ఆవిడ పని ఎవరు చేస్తారు?"

"నేనూ అదే అడిగాను. అది వాళ్ల తలనొప్పి, నాది నడుం నొప్పి అంది."

"టాక్స్ బాగా కోస్తారటగా?"

"బాగానే కోస్తారు. డాక్టర్లతోనూ అవస్థే. ఏం చెప్పినా ముందు పారాసెటమాల్ వేసుకోమంటారట. స్కాన్‌కి ఆరు వారాలు ఆగింది. నాకిక్కడ రెండ్రోజుల్లో తీశారు."

"అదీ. అమెరికా అమెరికాయే."

"ఇన్సూరెన్స్ ఉండబట్టి."

"ఆఁ."

"ఉద్యోగం ఉండబట్టి ఇన్సూరెన్స్."

"ఆఁ... స్కూళ్లెలా ఉంటాయి అక్కడ?"

"స్కూళ్లా?"

"ఊరికే. పెద్ద పిల్లలకి డచ్ రాకపోతే కష్టమేమో."

"అక్క పిల్లలు చిన్నవాళ్లు, వచ్చేసింది. దామోదర్ గారూ, శుక్రవారం రిలీజ్‌కి టెస్టింగ్ ఇక్కణ్ణుంచే చేసేస్తాను. ఇంకో మూడు కేసులే..."

"అది మూసెయ్యండి."

"సగంలో ఉంది."

"మూసెయ్యండి శ్రీవిద్యా. ఏమైనా తింటారా? కింద కేఫ్ ఉంది."

"వద్దు. ఏది తిన్నా ఇనుము నమిలినట్టుంది."

"అద్దె ఇళ్లు దొరుకుతాయా?"

"ఎక్కడ?"

"ఐండ్‌హోవెన్‌లో."

"మీరు వచ్చిన విషయం చెప్పండి."

"ఏ విషయం? చూసి పోదామని."

"నాలుగు కీమోలయ్యాయి. ఒక్కసారీ రాలేదు, ఇవాళ వచ్చారు. టీమ్‌లో ఒకర్ని తీసెయ్యమన్నారని చైతన్య చెప్పాడు."

"చైతన్యకెవరు చెప్పారు?"

"అందరికీ తెలుసు."

"...నిజమే. నాతో కలిపి ఆరుగురం కదా. అందులో ఒకరు. పేరు నన్నే పంపమన్నారు."

"పంపారా?"

"పొద్దున్న పంపాను."

"ఇన్సూరెన్స్ నెలాఖరు దాకా ఉంటుందా?"

"శ్రీవిద్యా, వినండి..."

"ఎందుకంటే ఇంకో రెండు కీమోలున్నాయి. చివరిది వచ్చే నెల."

"రెండూ అవుతాయి."

"ఎలా అవుతాయి? పైగా వీసా. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేకపోతే దేశం వదలాలి. ఈ గుండుతో ఇంటర్వ్యూకి... పోనీలెండి, కెమెరా ఆపేస్తాను."

"నన్ను చెప్పనివ్వండి."

"మీరేం చెప్పక్కర్లేదు. నేను మిమ్మల్ని ఏమీ అనను. చైతన్యకి పసిపిల్ల. అద్వైత్ చేరి నాలుగు నెలలే. మిగతా ఇద్దరూ లేకపోతే రిలీజే లేదు. మీ చోట నేనున్నా నా పేరే రాసేదాన్ని."

"నేనూ నా పేరే రాశాను."