చిట్టబ్బాయి బిళ్లకి పెద్దకర్మ

చిట్టబ్బాయని, కొబ్బరికాయలు వలిచేవోడు, ఆడికి పరాయిదేశాల డబ్బు బిళ్లల పిచ్చండి. పిచ్చంటే అలాంటిలాంటి పిచ్చి కాదు. ఆడి బావమరిది ఓడలో వంటోడు, రేవు రేవుకీ దిగి బిళ్లలు తెచ్చి పడేసేవోడంట. ఓసారేం చెప్పాడంటే, బావా, యూరపులో చానా దేశాలోళ్లు కలిసిపోయి అందరికీ ఒకటే బిళ్ల పెట్టుకున్నారు, కొందరు మాత్రం మా బిళ్ల మాదేనని కూకున్నారు అన్నాడంట. అంతే! మనోడు కలిసినోళ్ల బిళ్లలన్నీ వీధిలో పిల్లలకి ఆడుకోడానికిచ్చేసి, కలవనోళ్లయ్యి మాత్రం కొబ్బరిచిప్పలో దాచడం మొదలెట్టాడు. రాణీగారి బొమ్మున్నదొకటి, మధ్యలో చిల్లున్నదొకటి, అలాగనుకోండి. ఎందుకంటారా? ఆడిదీ ఉమ్మడి కొంపే కదండీ. అన్న పెద్దిరాజు, వదిన సూరమ్మ, అందరికీ ఒకటే పొయ్యి. ఆ పొయ్యి సూరమ్మది. సూరమ్మకి మిరపకాయంటే పామును చూసినట్టే. పొద్దున్న సొరకాయ, రాత్రికి సొరకాయ. చిట్టబ్బాయి పెళ్లాం భూలక్ష్మి, ఏమయ్యా, నా నోరు చచ్చిపోయింది, మీ అన్నయ్యని వేరు పొయ్యి అడగవయ్యా అని ఒకటే పోరు. ఈడు మీసం దువ్వుకుని ఎల్లేవోడు, అన్న ఎదట నిలబడేసరికి వాన పడేలా ఉందన్నయ్యా అని చెప్పి ఒచ్చేసేవోడు. ఒచ్చి, చూడు భూలక్ష్మీ, ఈళ్లెంత మొనగాళ్లో, అంతమంది మధ్యన వేరుగా బతుకుతున్నారు అని బిళ్లలు చూపించేవోడంట. అయితే ఆటితోనే పులుసు కాసుకో అందంట ఆవిడ.

మరేమైందంటే, ఓనాడు బావమరిది ఫోను చేసి, బావా, నీ దగ్గరున్న దేశాల్లో ఒకటి, పేరు నాకు నోరు తిరగదు గానీ, అదీ ఎల్లి ఆళ్లలో కలిసిపోయింది, దాని బిళ్లకి పని లేదింక అన్నాడంట. చిట్టబ్బాయి ఏడుపు ఎత్తుకున్నాడు చూడండీ! కాలవలో తలారా ములిగి, తడిగుడ్డతో గుమ్మంలో కూలబడి, పోయింది, మొనగాడి లాంటి దేశం పోయింది, నాకు మైల అన్నాడు. నవ్వకండి, ఆడికి నిజంగానే దుఃఖం. పెద్దిరాజు చుట్ట పక్కన పెట్టి, ఒరేయ్, దాయాది పోతే నాకూ మైల, దేశం పోతే నాకెందుకురా, బిళ్ల నీది, మైలా నీదే, పెద్దకర్మ అయిందాకా నువ్వూ నీ పెళ్లామూ మా పొయ్యి ఛాయలకి రావద్దన్నాడంట. మాటంటే మాటే. భూలక్ష్మి ఎల్లి ఎనకాల పీచు కుప్ప పక్కన మూడు రాళ్లు పెట్టేసింది.

ఇంకేముంది, రోజూ పండగే! ఒకనాడు కందబచ్చలి, ఒకనాడు గుత్తొంకాయ, కారం నషాళానికంటుతుంటే కళ్లెంట నీళ్లు కారుతున్నాయంట మొగుడూ పెళ్లాలకి. చూసినోళ్లు, పాపం దేశం కోసం ఎంత ఏడుస్తున్నారో అనుకునేవారు. కానీ పెద్దకర్మ దగ్గరకొచ్చేకొద్దీ భూలక్ష్మికి గుండెల్లో రాయి పడింది. మైల తీరితే మళ్లీ సొరకాయే కదా. ఏమయ్యా, ఇంకో దేశమేదన్నా మంచం పట్టిందేమో, ఓడలో ఉన్న మా తమ్ముణ్ణి అడిగి కనుక్కో అందంట.

పెద్దకర్మ రానే ఒచ్చింది. బిళ్లకి బొట్టెట్టి, పీటేసి, దండేసి, ఊరందరికీ గారెలూ పులుసూ. నేనూ తిన్నాను, అబద్ధమెందుకు. పెద్దిరాజు ఒచ్చి విస్తరి ముందు కూచుని, పులుసు ఓసారి పోయించుకున్నాడు, మళ్లీ పోయించుకున్నాడు, చివరికి సూరమ్మ అటు తిరిగినప్పుడు తమ్ముడి చెవిలో, ఒరేయ్ చిట్టీ, ఈ మైల ఇంకో నాలుగు రోజులు సాగదియ్యకూడదూ, నేనూ ఒచ్చి ఏడుస్తానన్నాడంట! అప్పుడు భూలక్ష్మి గరిటె పట్టుకుని మొగుడికేసి చూసింది. ఆ చూపుకో ఏమో, చిట్టబ్బాయి నోట్లో గారె నోట్లోనే ఉండగా, అన్నయ్యా మేం వేరుంటాం అనేశాడు. పెద్దిరాజు ఏలు నాక్కుని, ఓరి సన్నాసీ, ఈ మాట అడగడానికి ఒక దేశాన్ని చంపాలంట్రా అన్నాడు.

అదండీ సంగతి. భూలక్ష్మి పొయ్యి అక్కడే ఉండిపోయింది, పెద్దిరాజు ఇప్పటికీ పీచు చూసొస్తానని అటే ఎల్తాడు. ఆ దేశంవోళ్లు మాత్రం సుబ్బరంగా ఉన్నారంట. ఆళ్ల పెద్దకర్మకి గారెలు తిన్నామని ఆళ్లకెవరు చెబుతారు చెప్పండి!