హాల్లో ఎత్తిపోతల

ఏంది వంశీ, ఈ బొమ్మని గోడ మీంచి పీకాలా? టీవీ కోసమా? ఉండు, కళ్లజోడు తుడుచుకోనీ. ఈ స్క్రూలు నేను బిగించినయ్యే. చట్రం టేకు, నా చేతిది. మూల ఎక్కడన్నా ఇడిందేమో చూడు. ఇడవదు. ఇప్పటోళ్లు జిగురు పూసి ఫోటో తీసుకుంటారు, సరేలే. గాజు మీద బొమ్మ మాత్రం నూర్ మొహమ్మద్‌ది. మన పేటలో పెద్దిళ్ల గోడలకి ఇట్టాంటి గాజుబొమ్మలు ఏసేవోడు. నువ్వు పుట్టకముందే పోయాడు. మంచోడే. నాకు వాడంటే మంట, అది వేరే సంగతి.

గాజుకి రంగు ఎనక నించి ఎయ్యాలబ్బాయ్. ముందు కనపడేది ముందెయ్యాల. నీళ్ల నురగ మొదట, తర్వాత రాళ్లు, చెట్లు, ఆఖర్న ఆకాశం. ఆకాశం పడ్డాక నురగ దిద్దుకుందామంటే కుదరదు. ఎండాకాలమంతా మీ వరండాలోనే కూర్చుని ఈ ఎత్తిపోతల జలపాతం ఏశాడు. అంతా అయ్యాక మీ తాత ఆంజనేయులు గారు వచ్చి నడుం మీద చేతులేసుకుని, "బాగుందిరా, మరి నేనేడీ?" అన్నాడు. "నా గోడ మీద నేను లేకుండా ఎట్టా? ఆ రాళ్ల పక్కన నిలబెట్టు. మీసం కనపడాల." వాడు మెల్లిగా, "అయ్యా, నీళ్లేస్తా, రాయేస్తా, చెట్టేస్తా. ప్రాణమున్నదాని మొహం నేనెయ్యను. మా అబ్బాకి మాటిచ్చా" అన్నాడు. "అయితే మొత్తం గీకేయ్, ఇంకోణ్ణి పిలిపిస్తా." వాడు బ్లేడు పట్టుకుని మళ్లీ కింద పెట్టాడు. ఎండాకాలమంతా చేసిన పని మరి! అప్పుడు నేను మొహం చూసుకునే పాత బీరువా అద్దంలో ముక్క కోసి తెచ్చిచ్చా. "ఒరేయ్, రాళ్ల పక్కన కాస్త మేర గీకి ఎనక ఇది అంటించు. ఆయన మొహం ఆయనే తెచ్చుకుంటాడు" అన్నా. ఇదిగో, ఇదే ఆ ముక్క. ఎదురుగా నిలబడితే నీళ్ల పక్కన మీ తాతే! ఊరంతా నూర్ మొహమ్మద్ తెలివి, నూర్ మొహమ్మద్ తెలివి అంది. "బాలశౌరి చెప్పాడు" అని ఒక్కసారన్నా అనొచ్చుగా వాడు? అన్లా. పోనీలే అంటారందరూ. నేను పోనియ్యను.

మీ తాత రోజూ దీని ముందే మీసం దువ్వుకునేవోడు. ఒకరోజు పొలం నించి వచ్చేసరికి మీ జీతగాడు ఇన్నయ్య మిరపకాయల బస్తా దించి, దీని ముందు నిలబడి తలపాగా సర్దుకుంటన్నాడు. "ఒరేయ్, నా జలపాతంలో నువ్వేందిరా!" అని ఒకటే కేకలు. నూర్ మొహమ్మద్‌ని పిలిపించి, "నేనొక్కణ్ణే కనపడేటట్టు చెయ్యి" అన్నాడు. వాడు నవ్వలా. "అయ్యా, అద్దానికి మొగమాటం తెలవదు. ఎవురు నిలబడితే వాళ్లే" అన్నాడు. "అయితే నల్లరంగు పుయ్యి." "నేను పుయ్యను." అంతే. మీ తాత మాటతో పెద్దిళ్లన్నీ వాడికి మూసుకున్నయ్. దాచేపల్లి పోయి సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్స్ కిటికీలకి గాజుపలకలు కోసుకుంటా బతికాడు. ఊరొదిలి పోయేటప్పుడు నాకో మాట కూడా చెప్పలా. అదీ రాసిపెట్టుకున్నా.

మరి నల్లరంగు ఎందుకు పడలేదంటావా? పుయ్యటానికి మీ తాతే డబ్బా తెప్పించాడు. మీ నాయనమ్మ తిరుపతమ్మ గారు వచ్చి దీనికి అడ్డంగా నిలబడ్డది. ఆయమ్మ గొంతు హాల్లో నేను ఇనటం అదే మొదలు. "పెళ్లైన కాడి నించి ఎత్తిపోతల చూపిస్తా, చూపిస్తా అంటన్నారు. ఎన్నడన్నా తీసకపోయారా? నేను పోయింది ఈ ఎత్తిపోతలకే. దీని జోలికి రాబాకండి" అన్నది. మీ తాత డబ్బా పట్టుకుని ఎనక్కి పోయాడు. ఆ తర్వాత ఆయమ్మ రోజూ పొద్దుగూకే ముందు తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, ఇదిగో ఈ గచ్చు మీద, ఇక్కడే నిలబడి, ఆ నీళ్ల పక్కన తన్ను తాను...

స్క్రూడ్రైవర్ లోపల పెట్టు. టీవీ ఆ గదిలో పెట్టుకో. వంటింటి తలుపు కిందకి జారిందన్నావే, ఏదీ, పద.