గోడవైపు జాకీలు

ఫరంపేటలో సెంట్రింగ్ సామాను పెట్టుకునే షెడ్డు. మిట్టమధ్యాహ్నం. మేస్త్రి అమ్మన్న ఇనుప రేకులకి అంటిన సిమెంటు గోకుతున్నాడు, గోకిన రేకునే మళ్ళీ గోకుతున్నాడు. ఆగ్నెస్ వచ్చి అరగంటయినా తలెత్తి ఆమె మొహం చూస్తే ఒట్టు. మెట్టకూరులో బాల్కనీ కూలి ఆమె భర్త లూయిస్ పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

“కాదు మేస్త్రిగారూ, సంతకం పెట్టనని నేనన్లేదు. అందులో ఏం రాశారో తెలిస్తే పెడతానన్నాను.”

“ఏముంటదమ్మా, పోలీసోళ్ళ కాగితం. ఎవరికైనా అలాగే రాస్తారు.”

“జోసెఫిన్ చదివిందండీ.”

“పాపా? పాపకెందుకిచ్చావు?”

“ఇంట్లో చదువొచ్చింది దానికే కదండీ. పైకే చదివింది. ‘మృతుడు లూయిస్ డీషట్టరింగ్ క్రమం పాటించకుండా ప్రాప్స్ తొలగించినందున క్యాంటిలీవర్ శ్లాబు కూలి’... అక్కడ ఆపేసింది. నాన్న తప్పు చేశాడా అమ్మా అని అడిగింది. ఏం చెప్పాలండీ నేను?”

“మజ్జిగ తాగుతావా? లోపల చెంబులో ఉంది.”

“వద్దండీ. డీషట్టరింగంటే ఏంటి?”

“సెంట్రింగు విప్పడం. నీకు తెలీందేముంది, పన్నెండేళ్ళు రేకులు మోశావు నా దగ్గర.”

“మోశాను. ఆ పేరెప్పుడూ వినలేదు. ప్రాప్సో?”

“జాకీలు. శ్లాబు కింద ఆనిస్తామే, ఆ ఇనప గుంజలు.”

“జాకీలా! ఇంకేదో అనుకున్నాను. క్యాంటిలీవరు?”

“బాల్కనీ. గోడలోంచి బయటికొచ్చి ఉంటది చూడు, ఆ ముక్క.”

“బాల్కనీ అనే రాయొచ్చు కదండీ. పిల్ల రెండుసార్లు తడబడింది అక్కడ.”

“ఇంజనీరు చెప్పాడు, రైటరు రాశాడు. మనల్నెవరడిగారు?”

“మిమ్మల్ని అడిగారంట కదా. మేస్త్రి చెప్పిందే రాశామన్నారు స్టేషన్లో.”

“ఆ రేకు మీద కూర్చోకు. నూనె రాసింది, చీర పాడవుద్ది.”

“పాడవనీండి. మీరు చెప్పారా, మా ఆయన తప్పని?”

“పెద్ద పూజ పెట్టిస్తానన్నావు, ఫాదర్‌గారితో మాట్లాడావా?”

“మాట్లాడాను. ఆదివారం అన్నారు. మేస్త్రిగారూ, నాకు ఏడుపు రావట్లేదు. మా వదిన తిడతంది, రాయిలాగ కూచున్నావేంటే అని. అన్నం తింటన్నాను. పడుకుంటే నిద్రా పడతంది. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది, అంతే. ఈ ఒక్క ముక్కే లోపల గుచ్చుకుంటంది. ఇరవై రెండేళ్ళు ఈ పనే చేశారాయన. ఏ రోజూ ఒక్క రేకు జారలేదు. ఆయన చేసిన తప్పేంటో చెప్పండి, వెళ్ళిపోతాను.”

“తప్పని ఎవరన్నారు?”

“కాగితం అంది.”

“కాగితానికేం తెలుసు.”

“అయితే మార్పించండి. లూయిస్ తప్పు లేదని చెప్పండి. శ్లాబు పచ్చిగా ఉందని చెప్పండి. ఇంటాయన తొందరపెట్టాడని చెప్పండి.”

“పచ్చిగా లేదమ్మా. పోసి ఇరవై రోజులు దాటింది. పొద్దూ సాయంత్రం నీళ్ళు పెట్టింది నువ్వే కదా. ఇంటాయన తొందరా పెట్టలేదు, పాపం ఆయన ఊళ్ళోనే లేడు.”

“సిమెంటు తక్కువ కలిపారేమో.”

“నా ఎదురుగానే కలిపారు.”

“మరెందుకు పడిందండీ?”

“పడింది. మన టయం బాలేదు.”

“టయం బాగోకపోతే టయమనే రాసేవారు. క్రమం అని రాశారు. ఏంటండీ ఆ క్రమం?”

“నీకెందుకా గోల? వేలిముద్రేసి ఊరుకో.”

“సంతకం వచ్చండీ నాకు. పిల్లకి చెప్పాలి. మీ నాన్న ఇలా చెయ్యాల్సింది, అలా చేశాడని చెప్పాలి. లేదంటే మీ నాన్న తప్పేం చెయ్యలేదని చెప్పాలి. ఏదో ఒకటి చెప్పాలి కదా. మీరు చెప్పకపోతే ఇంజనీరునడుగుతాను. రేపు పదింటికి స్టేషన్‌కి వస్తాడంట.”

“వద్దు. వద్దమ్మా, ఇంజనీరు దాకా వద్దు. ఆయన అడక్కుండా ఊరుకోడు, అదెవరు విప్పారు, ఇదెవరు విప్పారు అని... ఇటు చూడు. గది శ్లాబుందా? దానికి నాలుగు పక్కలా గోడలుంటాయి. ఔనా?”

“ఆఁ.”

“అందుకని మధ్యలో జాకీలు ముందు విప్పి, అలా గోడల వైపుకొస్తాం.”

“అది తెలుసండీ. మనవాళ్ళిద్దరు రొయ్యల చెరువుల పనికి పోయాక నాక్కూడా నేర్పారుగా ఆయన. ముందు నడిమివి, తర్వాత గోడవైపువి. నవ్వారు కూడా మీరు, ఆడమనిషి జాకీ తిప్పుతుందేంటని.”

“నవ్వాను. బుద్ధి లేక నవ్వాను.”

“బాల్కనీకీ అంతేనా?”

“కాదు.”

“కాదా?”

“దానికి ఒకే పక్క గోడ. అవతలి కొస గాల్లో ఉంటది. అందుకని కొసన ఉన్న జాకీలు ముందు విప్పాలి. తర్వాత మధ్యవి. గోడవైపువి ఆఖర్న.”

“గాల్లో ఉన్న కొసని ముందొదిలేస్తారా?”

“అదే మరి. బాల్కనీ శ్లాబులో ఇనప చువ్వలు పైపక్కనుంటాయి, అడుగున ఉండవు. కొసని ముందు వదిలితే ఆ బరువు పై చువ్వలు పట్టుకుంటాయి. అలాక్కాకుండా మధ్యవీ గోడవైపువీ తీసేసి కొసవి ఉంచామనుకో, బరువంతా వెళ్ళి ఆ కొస జాకీల మీద కూచుంటది. అడుగునుంచి చీలుకొస్తది. కొస జాకీలు బిగుసుకుపోతాయి. సుత్తితో కొట్టినా తిరగవు.”

“తిరగవా?”

“తిరగవు.”

“అందుకేనా.”

“ఏంటమ్మా?”

“ఆ పొద్దున ఆయన వెనక గదిలో ఉన్నారండీ. రేకు ఇరుక్కుంటే గునపంతో కొడతన్నారు. ఆ చప్పుడు వినపడతానే ఉంది నాకు.”

“ఆగ్నెస్, ఇంక చాలు. ఇంటికి పద, నేను దిగబెడతాను.”

“మధ్యాన్నానికి బండొస్తది, సామాను ఎక్కించెయ్యాలన్నారు కదా మీరు. ఊరికే నిలబడ్డం ఎందుకని... నడిమి వరస ఆరు విప్పాను. గోడవైపు ఆరు విప్పాను. నీటుగా గోడకి ఆనించి పెట్టాను కూడా. కొసవి తిరగలేదండీ. సుత్తితో రెండు దెబ్బలేశాను. అయినా తిరగలేదు. ఇవి మీరు విప్పండి అని ఆయన్ని పిలిచి, రేకు నెత్తిన పెట్టుకుని బండి దగ్గరికెళ్ళాను.”

“తెలుసు.”

“మీకెలా తెలుసు? అక్కడ లేరుగా మీరు.”

“లూయిస్ చెప్పాడు. కాకినాడ తీసుకెళ్తంటే, అంబులెన్సులో. కాసేపు స్పృహలో ఉన్నాడు.”

“నేను ముందు కూచున్నానండీ, డ్రైవరు పక్కన. నాకేం వినపళ్ళేదు.”

“నీకు వినపడకూడదనే మెల్లగా చెప్పాడు. అన్నీ నేనే విప్పానని రాయించు అన్నాడు. ఆ మనిషి మాట కాదనలేకపోయానమ్మా. స్టేషన్‌కెళ్ళి అలాగే చెప్పాను.”

“కోపంగా అన్నారా?”

“లేదు.”

“వచ్చి చూసేసరికి ఆ రెండు వరసలూ లేవు కదండీ. ఆయనకి తెలుసు కదా. తెలిసీ బాల్కనీ కిందకెందుకెళ్ళారు?”

“విప్పడానికెళ్ళలేదమ్మా. నువ్వు తీసిన జాకీ మళ్ళీ నిలబెడదామని వెళ్ళాడు. శిథిలాలు తీసేసరికి రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.”

“నన్ను పిలవలేదే.”

“పిలిస్తే నువ్వూ కిందకొచ్చేదానివి.”

“ఇంకేమన్నారు?”

“ఇంకేం లేదు.”

“ఉంది. మీరు మళ్ళీ ఆ రేకే గోకుతున్నారు. చెప్పండి మేస్త్రిగారూ, ఆఖర్న ఏమన్నారు?”

“‘ఆగ్నెస్‌కి గదులు నేర్పాను మేస్త్రీ, బాల్కనీ నేర్పలేదు. తప్పు నాదే’ అన్నాడు.”